రెండు రాజధానులు, ఒక రాత్రి బస

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు మా ఊరి పేరు బోర్డు మీద చదివే ఉంటారు. ఊరిని మాత్రం చూసి ఉండరు. జగ్గయ్యపేట హైవేకి కాస్త లోపలికి ఉంటుంది. అక్కణ్ణించి విజయవాడ వైపు ముప్ఫై కిలోమీటర్లు వెళితే నందిగామ. అక్కడా అంతే, పెద్ద బస్సులు బైపాస్ మీంచి వెళ్ళిపోతాయి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక మా రెండు ఊళ్ళూ రెండు రాజధానుల మధ్య ఊళ్ళయ్యాయి. ఒక వైపు దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో హైదరాబాదు, ఇంకో వైపు నూరు కిలోమీటర్ల లోపే అమరావతి. 2022 ఏప్రిల్ 4న మా జిల్లా పేరు కృష్ణా పోయి ఎన్టీఆర్ జిల్లా అయింది. మేం మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టవాళ్ళమనే చెప్పుకుంటాం.

ఈ రెండు రాజధానుల మధ్యా పదకొండేళ్ళు తిరిగాను నేను. చుట్టపుచూపుకీ కాదు, యాత్రకీ కాదు. కోర్టు పని మీద. ప్రయాణం అనుకున్న ప్రతిసారీ రెండే ప్రశ్నలు. ఏ బస్సెక్కాలి? రాత్రికి ఎక్కడ పడుకోవాలి? మగవాళ్ళకి ఇవి డబ్బుకీ సుఖానికీ సంబంధించిన ప్రశ్నలు. నాకు మాత్రం ఈ రెండింటికీ జవాబు దొరక్కపోతే వాయిదాకి వెళ్ళడమే లేదు. వాటా అడిగిన ఆడమనిషికి చట్టం ఎంత అవసరమో, తల దాచుకోవడానికి ఒక గది అంత అవసరమని ఈ తిరుగుడులోనే తెలిసింది. అందుకే వ్యాజ్యం గురించి కాకుండా బస్సుల గురించీ గదుల గురించీ రాస్తున్నాను.

అయినా వ్యాజ్యం సంగతి నాలుగు మాటల్లో చెప్పాలి. మా నాన్నకి నందిగామ పక్క పల్లెలో పొలం ఉండేది. మిరప, పత్తి, తర్వాత సుబాబుల్. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలం. నా పెళ్ళి 1979లో, చెల్లి పెళ్ళి 1987లో. పెళ్ళి కాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన మా ఇద్దరిలో చెల్లికి హక్కుంది, నాకు లేదు. హక్కున్న చెల్లి "పుట్టింటి గడప ఉండాలి కదక్కా" అని వదులుకుంటూ సంతకం పెట్టేసింది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం మారి, పెళ్ళయిన కూతుళ్ళకీ హక్కు వచ్చింది. అప్పటికి నాన్న పోయి నాలుగేళ్ళు. 2007లో నేను దావా వేశాను. కొత్త చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి లేడు కాబట్టి కూతురికి వాటా రాదన్న వాదన అప్పట్లో బలంగా ఉండేది. నా దావా ఆ వాదన దగ్గరే ఆగిపోయింది. 2012లో హైకోర్టుకి అప్పీలు వెళ్ళింది.

"నీకు ఉద్యోగముంది, రేపు పెన్షనొస్తుంది, ఒక్కతే కూతురు, ఆ పొలం ఎందుకే నీకు?" అని అడగనివాళ్ళు లేరు. అన్నయ్యకి రెండిళ్ళున్నాయి, తమ్ముడికి వ్యాపారముంది. మీకెందుకురా పొలం అని వాళ్ళని ఎవరూ అడగలేదు.

దావా వేయకముందు నాకు రెండు నగరాల్లోనూ బస గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. హైదరాబాదులో అన్నయ్య, విజయవాడలో తమ్ముడు, మధ్యలో పిన్ని కొడుకులు, మేనమామలు. సమన్లు అందిన వారంలోపల ఆ తలుపులన్నీ మూసుకున్నాయి. ఎవరూ పొమ్మనలేదు. ఫోను చేస్తే "ఆ రోజు మేం ఊళ్ళో ఉండం వదినా" అనేవాళ్ళు. "పిల్లల పరీక్షలమ్మాయ్" అనేవాళ్ళు. మా వంశంలో ఒకే నెలలో అంతమంది పిల్లలకి పరీక్షలు ఎప్పుడూ రాలేదు. ఆడపిల్ల ఎందుకు వాటా అడగదో నాకప్పుడు బాగా అర్థమైంది. చట్టం తెలియక కాదు. వాటా అడిగితే పండక్కి వెళ్ళే ఇల్లు పోతుంది, పురుటికి వెళ్ళే ఇల్లు పోతుంది, పెద్దాసుపత్రికి వెళితే పడుకునే ఇల్లు పోతుంది. ఆ ఇళ్ళన్నిటినీ తూకంలో ఒక పక్కన పెట్టి, ఎకరం పొలాన్ని ఇంకో పక్కన పెట్టి చూస్తుంది ఆడది. మా చెల్లి పెట్టిన సంతకం అలాంటి లెక్కే. దాన్ని నేను తప్పు పట్టను.

అప్పీలులో వాదనలకి కక్షిదారు వెళ్ళనక్కరలేదు, ప్లీడరు చాలు. ఆ మాట అందరూ చెప్పారు, ప్లీడరుగారూ చెప్పారు. నేను వెళ్ళేదాన్ని. మా ఆయన 2009లో పోయారు. నా తరఫున ఇంకొకరు వెళ్ళే వీల్లేదు. కట్ట మీద రాసిన నంబరుగా కాకుండా మనిషిగా ప్లీడరుగారికి గుర్తుండాలన్నది నా పట్టుదల. ఆయన కక్షిదారులతో మాట్లాడేది సాయంత్రం ఆరు దాటాక. కాబట్టి ముందు రోజు సాయంత్రానికి హైదరాబాదు చేరాలి, రాత్రి ఉండాలి, మర్నాడు కోర్టు చూసుకుని బయల్దేరాలి. స్కూల్లో రెండు రోజులు సెలవు. తెలుగు టీచరుకి సెలవు దొరకడం కష్టం కాదు. గది దొరకడమే కష్టం.

మొదటిసారి కోర్టుకి దగ్గర్లో ఒక లాడ్జికి వెళ్ళాను. గది ఖాళీగా ఉంది. కౌంటరు దగ్గర కుర్రాడు నా వెనకాల చూశాడు. ఎవరూ లేరు. "మీతో ఎవరొచ్చారమ్మా?" అన్నాడు. ఎవరూ రాలేదన్నాను. "లేడీస్ ఒక్కరికీ ఇవ్వమండీ, ఓనరుగారి రూలు" అన్నాడు. యాభై రెండేళ్ళదాన్ని, గుర్తింపు కార్డుంది, చేతిలో డబ్బుంది. పెద్దవయసు వచ్చిన ఆడమనిషికి ఒంటరిగా గది ఇవ్వకూడదని ఈ దేశంలో ఏ చట్టమూ లేదు. ఆ మాటే అన్నాను. "మీకే ఇబ్బందమ్మా, ఎవరైనా తలుపు కొడితే మాది బాధ్యత కాదు" అన్నాడు. తలుపు కొట్టేవాడికి గది ఇస్తారు. లోపల పడుకునేదానికి ఇవ్వరు.

తర్వాత తర్వాత దారులు తెలిశాయి. సికింద్రాబాదు, విజయవాడ లాంటి పెద్ద రైల్వే స్టేషన్లలో విశ్రాంతి గదులుంటాయి. రైలు టికెట్టు ఉంటే ఇస్తారు, వెంట ఎవరొచ్చారని అడగరు. కానీ మాకు రైలు లేదు. జగ్గయ్యపేటకి రైలు పట్టాలున్నాయి, వాటి మీద తిరిగింది సిమెంటు గూడ్సు. నందిగామకి అవీ లేవు. మేం రైలెక్కాలంటే మధిర వెళ్ళాలి, లేదా వెనక్కి విజయవాడ వెళ్ళాలి. ఆ గది కోసమే మధిర వెళ్ళి రైలెక్కిన రోజులున్నాయి. రైలు బాగుంటుందని కాదు, టికెట్టు ఉంటే గది అడగొచ్చని.

ఇక బస్సు. ఏసీ బస్సా, ఎక్స్‌ప్రెస్సా అనేది నాకు రెండో సంగతి. మొదటిది, ఎక్కడ దింపుతాడు? రెండు నగరాల మధ్య ఆగకుండా వెళ్ళే బస్సులు మా ఊళ్ళోకి రావు. చిల్లకల్లు దగ్గరో, బైపాస్ అడ్డరోడ్డు దగ్గరో దింపుతాయి. పగలైతే షేర్ ఆటో దొరుకుతుంది. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఒక ప్రైవేటు బస్సు ఎక్కితే, పదకొండున్నరకి దింపాల్సినవాడు రెండింటికి దింపాడు. అడ్డరోడ్డు మీద మూసిన టీ బంకు, లారీలు, నేను. తెల్లారేదాకా టోల్ గేటు దీపాల కిందే నిలబడ్డాను. ఆ తర్వాత ఒకటి నిశ్చయించుకున్నాను. చీకటి పడ్డాక దిగాల్సి వస్తే ఊళ్ళోకి వచ్చే బస్సే ఎక్కాలి. అది ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ కావచ్చు, కోదాడలో దిగి ఎక్కే పల్లెవెలుగు కావచ్చు. గంటన్నర ఆలస్యమవుతుంది. కానీ బస్టాండులో దిగుతాను. బస్టాండులో దీపముంటుంది, మనుషులుంటారు, బెంచీ ఉంటుంది. వేగంగా వెళ్ళే బస్సు ఆడదానికి ఎప్పుడూ దగ్గరి దారి కాదు.

రెండోది, బాత్రూమ్. దీని గురించి రాయడానికి సిగ్గెందుకు? నాలుగున్నర గంటల ప్రయాణం. మగవాళ్ళు బస్సు ఆగిన చోటల్లా చెట్టు వెతుక్కుంటారు. మేం ముందు రోజు రాత్రి నుంచే నీళ్ళు తగ్గిస్తాం. ప్రయాణాల్లో నీళ్ళు తాగకపోతే మూత్రంలో మంట, కిడ్నీలకి చేటు అని ఏ డాక్టరయినా చెబుతారు. వద్దంటే వినని జబ్బు కాదిది, దారిలో తలుపున్న దొడ్డి లేకపోవడం వల్ల వచ్చే జబ్బు. కోదాడ, సూర్యాపేట బస్టాండ్లలో ఎక్కడుందో, ఏ వేళకి కాస్త శుభ్రంగా ఉంటుందో, ఏ హోటల్లో గడియ విరిగిపోయిందో నాకు కంఠతా వచ్చు. హైవే మీద మెరిసే ఫుడ్ కోర్టులు వచ్చాక కాస్త మెరుగు. అయితే బస్సు అక్కడ ఆగాలా వద్దా అనేది డ్రైవరు ఆకలిని బట్టి ఉంటుంది. మా అవసరాన్ని బట్టి కాదు.

మా పేటకి ఇంకో చరిత్ర ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టకముందు ఇది బేతవోలు. ఊరి పక్కన ధనబోడు అనే దిబ్బ మీద 1882లో బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం ఉంది. ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి కాలం శాసనాలు అక్కడ దొరికాయి. ఆ రాజు కాలంలోనే నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక, సింహళం నుంచి వచ్చిన బౌద్ధాచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు శాసనం చెబుతుంది. దూరదేశం నుంచి వచ్చిన మగవాళ్ళకి ఇక్కడ చోటు చూపించింది ఒక ఆడమనిషి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకి కూడా వండి పెట్టారు, అందుకే ఇంతమంది దణ్ణం పెడుతున్నారు. బాటసారికి అన్నం పెట్టిన ఆడవాళ్ళ పేర్లు మనకి తెలుసు. బాటసారిగా వెళ్ళిన ఆడవాళ్ళ పేర్లు ఎన్ని తెలుసు? పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్ళొచ్చి రాసిన యాత్రా పుస్తకం 1876లోనే మద్రాసులో అచ్చయింది. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చదువుకునేటప్పుడే తెలుసు. జానకమ్మ పేరు యాభై దాటాక తెలిసింది. సత్రం పెట్టే పుణ్యం మనకి వదిలారు గానీ సత్రంలో దిగే హక్కు వదల్లేదు.

2018 దాకా నా దిక్కు హైదరాబాదు. దూరమే గానీ ఒక సుఖముండేది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి మూసీ వంతెన దాటితే హైకోర్టు. నడిచి వెళ్ళేదాన్ని. 2019 జనవరి 1న హైకోర్టు విడిపోయింది. మాది మొదట విజయవాడలో మొదలై, మార్చిలో నేలపాడు వెళ్ళింది. "ఇంక నీకు సగం దూరమేగా" అని అందరూ సంతోషించారు. దూరం సగమైంది, ప్రయాణం సగం కాలేదు. పేట నుంచి విజయవాడ బస్టాండు, అక్కణ్ణించి బ్యారేజి దాటి ఇంకో బస్సు, అది అందకపోతే ఆటో. కొత్త రాజధానిలో సచివాలయం ఉంది, కోర్టు ఉంది, వెడల్పాటి రోడ్లున్నాయి. వాటి మధ్య సాయంత్రం ఒక ఆడమనిషి నడుస్తుంటే చుట్టూ ఖాళీ పొలాలు. 2016లో సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడి వచ్చినప్పుడు ఉద్యోగులకి వారానికి అయిదు రోజుల పని, ఉచిత వసతి ఇచ్చారు. బాగానే చేశారు. అయితే రాజధానికి వచ్చేది ఉద్యోగులే కాదు. అర్జీ పట్టుకుని వచ్చేవాళ్ళుంటారు, వాయిదాకి వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళలో ఆడవాళ్ళుంటారు. వాళ్ళు రాత్రికి ఎక్కడుంటారని ఏ ప్లానులోనూ గీసినట్టు నాకు కనిపించలేదు.

విజయవాడలో ఉద్యోగినుల హాస్టలు ఒకటి వెతికి పట్టుకున్నాను. నెలకి తప్ప ఇవ్వరు. వార్డెనుగారితో నా కథంతా చెబితే, ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న ఆస్తి కూడా మా తమ్ముళ్ళే తిన్నారమ్మా" అని, ఊరెళ్ళిన అమ్మాయి మంచం రాత్రికి ఇంతని ఇవ్వడానికి ఒప్పుకుంది. చట్టం చేయలేని పని ఒక్కోసారి ఇలాంటి మాట చేస్తుంది. అయితే హక్కు ఇలా ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు.

మా అమ్మాయి వియన్నాలో ఉద్యోగం చేస్తుంది. ఒక శనాదివారాలు స్నేహితురాలితో కలిసి బ్రాటిస్లావా వెళ్ళాలనుకుంది. అదీ రాజధానే, ఇదీ రాజధానే. రెండు దేశాలు. రోడ్డు మీద ఎనభై కిలోమీటర్లు, మా పేట నుంచి విజయవాడ అంత. రైలైతే గంట, డాన్యూబు నది మీద పడవైతే గంటంబావు. "ఏది బాగుంటుందమ్మా?" అని సరదాగా అడిగింది. "ఎన్నింటికి దిగుతావు? దిగిన చోటు నుంచి గది ఎంత దూరం? తలుపుకి లోపల గడియ ఉందా?" అన్నాను. నవ్వింది. "అవన్నీ ఇక్కడ అడగరమ్మా, ధర ఎంత, టిఫిను ఉందా అనే చూస్తారు" అంది. నేనూ నవ్వాను. కాసేపటికి తనే అంది. "నిజం చెప్పాలంటే నేనూ చూస్తాను. ఆ హోటల్లో దిగిన ఆడవాళ్ళు ఏం రాశారో చదివాకే డబ్బు కడతాను. అర్ధరాత్రి దిగే రైలు చవగ్గా ఉన్నా ఎక్కను." యూరప్ అయినా మా అడ్డరోడ్డయినా ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునే మాటే దారి చూపిస్తుంది. తేడా ఒకటుంది. తనకి గది ఇవ్వనని అక్కడ ఎవరూ అనలేదు.

2020 మార్చి 25న మా గరికపాడు చెక్‌పోస్టు దేశమంతా టీవీల్లో కనబడింది. లాక్‌డౌన్ మొదలవగానే హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నాయి. అక్కడి పోలీసులిచ్చిన అనుమతి కాగితాలు పట్టుకుని వేలమంది ఆడపిల్లలూ మగపిల్లలూ సరిహద్దు దాకా వచ్చారు. ఇటువైపు ఆపేశారు. పాలేరు వంతెన పక్కన ఎండలో ఆ పిల్లలు గంటలకొద్దీ నిలబడ్డారు. హాస్టలు అనేది అద్దె కట్టినంత కాలమే ఇల్లని, కష్టమొచ్చిన మొదటి రోజే అది ఇల్లు కాకుండా పోతుందని వాళ్ళకి ఆ రోజు తెలిసింది. ఆ పిల్లల్లో అమ్మాయిల్ని చూస్తుంటే వాళ్ళ వెనకాల నాకు మూసుకున్న తలుపులు కనిపించాయి.

అదే సంవత్సరం ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తీర్పు చెప్పింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదు అంది. మాటల్లో పంచేసుకున్నామంటే సాధారణంగా ఒప్పుకోనక్కరలేదని, దానికి సరైన పబ్లిక్ రికార్డు ఉండాలని కూడా చెప్పింది. మా అన్నదమ్ములు చెప్పింది అచ్చంగా ఆ మాటల పంపకమే. ప్లీడరుగారు ఫోను చేసి "ఇంక మీరు రాకపోయినా ఫరవాలేదమ్మా" అన్నారు. నేను వెళ్ళడం మానలేదు.

2023 జూలై ఆఖర్లో నేలపాడు నుంచి తిరిగి వస్తుంటే మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. మగవాళ్ళు లారీల కింద, హోటళ్ళ అరుగుల మీద సర్దుకున్నారు. మా బస్సులో ఒంటరిగా వస్తున్న ఆడవాళ్ళం నలుగురం. ఒకామె కోదాడలో నర్సు, ఒకామె హైదరాబాదులో ఇళ్ళలో వంట చేస్తుంది, ఒకమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళుతోంది. వెనక్కి విజయవాడ వెళ్ళే బస్సు దొరికితే ఎక్కి, ముగ్గుర్నీ నా హాస్టలుకే తీసుకెళ్ళాను. వార్డెనుగారు చాపలు పరిచారు. వంటావిడ రాత్రంతా ఒక మాటే అంది. "ఇరవై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నానమ్మా, రాత్రిపూట పడుకోడానికి చోటుందని ఇవాళే తెలిసింది." ఆ రాత్రే నా చేతి సంచిలోని నోటుపుస్తకం తీసి ముగ్గురికీ అందులో ఉన్నది రాసిచ్చాను. ఏ బస్సు ఊళ్ళోకి వస్తుంది, ఏది రాదు. ఎక్కడ గడియ ఉంది. ఏ లాడ్జి ఒంటరి ఆడవాళ్ళకి ఇస్తుంది. వాళ్ళు తమకి తెలిసినవి చెప్పారు. నర్సమ్మాయి చెప్పిన రెండు గదులు నాకు పదకొండేళ్ళలో తెలియనివి.

ఆ ఏడాది చివర్లో నా అప్పీలు గెలిచింది. మూడో వాటా వచ్చిందన్నారు. చెల్లి వదులుకుంది కాబట్టి. "నా వాటా కూడా కలిపి ఇచ్చేసినట్టేగా" అని ఫోనులో నవ్వింది చెల్లి. దాని నవ్వులో ఏముందో నాకు తెలుసు. చెల్లి ఉండేది కోదాడలో. మా ఇద్దరి మధ్యా పాతిక కిలోమీటర్ల లోపే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మాకూ స్త్రీశక్తి పేరుతో వచ్చింది. దాని ఉచితం దాని సరిహద్దు దాకా, నా ఉచితం నా సరిహద్దు దాకా. గరికపాడు దాటాలంటే ఇద్దరం టికెట్టు కొనాల్సిందే. అయినా ఉచిత బస్సుని వెటకారం చేసేవాళ్ళతో నేను కలవను. బస్సు ఛార్జీ కోసం మొగుడి జేబు వైపు చూడకుండా గడప దాటిన ఆడవాళ్ళని ఆ బస్సుల్లో రోజూ చూస్తున్నాను. నా కోరిక ఇంకొకటి. బస్సు ఎక్కించారు, మంచిదే. దిగాక రాత్రికి చోటు కూడా చూపించండి. ప్రతి జిల్లా కేంద్రంలో, ప్రతి పెద్ద కోర్టు దగ్గర, పెద్దాసుపత్రి దగ్గర, ఆధార్ కార్డు చూపిస్తే రాత్రికి ఒక మంచం, లోపల గడియ ఉన్న తలుపు. వెంట ఎవరొచ్చారని అడగని కౌంటరు. ఇది సంక్షేమం కాదు. వాటా అడిగే హక్కులో సగభాగం.

ఇప్పుడు నా పని నందిగామలోనే. పొలం కొలిచి హద్దులు వేసే దశ. పొద్దున పల్లెవెలుగులో సున్నా టికెట్టు మీద వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేస్తాను. రాత్రి బస అవసరం లేదు. నోటుపుస్తకం మాత్రం నా దగ్గర ఉండటం లేదు. పేటలో ఒకమ్మాయి మనోవర్తి కేసుకి హైదరాబాదు వెళుతూ పట్టుకెళ్ళింది. ఆమె దగ్గర్నుంచి నందిగామలో ఒక టీచరు తీసుకుంది, క్యాన్సరు ఆసుపత్రికి వెళ్ళాలని. మొన్న నా చేతికి వచ్చినప్పుడు చూస్తే, నేను రాసిన రెండు లాడ్జీల పేర్లు కొట్టేసి ఉన్నాయి, పక్కన ఎవరో "ఇప్పుడు ఇవ్వడం లేదు" అని రాశారు. కింద కొత్తవి నాలుగు ఉన్నాయి, మూడు రకాల చేతిరాతల్లో. మీకెవరికైనా ఈ దారిలో ఒంటరి ఆడవాళ్ళకి గది ఇచ్చే చోటు తెలిస్తే చెప్పండి. పుస్తకంలో ఇంకా పేజీలున్నాయి.